కడలి అడుగున గొట్టాలు – అలల తాకిడికి ముందస్తు లెక్క

గోదావరి మొగలకు ఎదురుగా బంగాళాఖాతం అడుగున లభించే చమురు, సహజవాయువు తీరానికి చేరేది సముద్రగర్భంలో పరచిన పైపులైన్ల ద్వారానే. 1993లో ఉత్పత్తి ప్రారంభమైన రవ్వ క్షేత్రపు పైపులైన్లు కోనసీమలోని ఎస్.యానాం వద్ద, 2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి మొదలైన కేజీ-డి6 క్షేత్రపు పైపులైన్లు తాళ్లరేవు మండలం గాడిమొగ వద్ద, చమురు, సహజవాయువుల సంస్థ (ఓఎన్‌జీసీ) లోతు సముద్ర క్షేత్రాల పైపులైన్లు అల్లవరం మండలం ఓడలరేవు వద్ద ఒడ్డెక్కుతున్నవి. ఈ మూడు చోట్లా గొట్టం తీరాన్ని సమీపించే చివరి కొన్ని కిలోమీటర్లు మత్స్యకారుల వేట ప్రాంతాలకు, మడ అడవులకు, నదీముఖాలకు చేరువలో ఉన్నవి. అక్కడ గొట్టం కదలినా, వంగినా, పగిలినా నష్టం ఉత్పత్తి సంస్థకు మాత్రమే పరిమితం కాదు. కనుక తుపాను వేళ ఆ గొట్టంపై అలలు, ప్రవాహాలు ఎంత బలాన్ని ప్రయోగిస్తాయో దానిని పరచక ముందే లెక్కించడం డిజైన్‌లో అత్యంత కీలకమైన అంశమైనది.

లోతు ఎక్కువైతే ప్రమాదం ఎక్కువా?

ఇక్కడ సాధారణంగా కలిగే భ్రమ ఒకటి ఉన్నది. సముద్రం ఎంత లోతుగా ఉంటే గొట్టానికి అంత అపాయమని చాలామంది భావిస్తారు. నీటి పీడనం, పరచడంలోని శ్రమ, మరమ్మతు కష్టం దృష్ట్యా అది నిజమే. కానీ అలల తాకిడి విషయంలో వాస్తవం ఇందుకు విరుద్ధం. 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలైన ఆర్-క్లస్టర్ వాయుక్షేత్రం 2000 మీటర్లకు పైబడిన లోతున ఉన్నది. ఉపరితలంపై ఎంతటి తుపాను చెలరేగినా ఆ అలల కదలిక అంత లోతుకు చేరదు. అదే గొట్టం తీరానికి వస్తూ 20 మీటర్ల లోతుకు చేరేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోతుంది.

దీనికి కారణం అల స్వభావంలోనే ఉన్నది. అల సాగిపోతున్నప్పుడు నీరు దానితో పాటు సాగిపోదు. ప్రతి నీటి కణమూ ఉన్నచోటనే చక్రాకారంగా తిరుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ చక్రం వేగంగా చిన్నదవుతుంది. తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైన లోతు దాటిన తర్వాత కదలిక నామమాత్రమే. లోతు అంతకన్నా తక్కువగా ఉన్నచోట చక్రం నేలకు తగిలి చదునై, అడుగున నీరు ముందుకూ వెనుకకూ ఊగులాడుతుంది. గొట్టాన్ని తాకేది ఈ ఊగులాటే.

19వ శతాబ్దపు ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జి బిడెల్ ఎయిరీ రూపొందించిన తరంగ సిద్ధాంతం ఈ వేగాన్ని లెక్కించడానికి నేటికీ తొలి ఆధారం. ఆ సూత్రం ప్రకారం 6 మీటర్ల ఎత్తు, 10 సెకన్ల ఆవర్తన కాలం గల అలను తీసుకుంటే, 20 మీటర్ల లోతున నేలమట్టంలో నీటి గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 1.5 మీటర్లు. 50 మీటర్ల లోతున అది 0.48 మీటర్లకు, 100 మీటర్ల లోతున 7 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. అయితే ఎత్తు అదే 6 మీటర్లుగా ఉంచి ఆవర్తన కాలాన్ని 10 నుంచి 14 సెకన్లకు పెంచితే, 100 మీటర్ల లోతున వేగం 33 సెంటీమీటర్లకు, అనగా దాదాపు 5 రెట్లకు చేరుతుంది. అల ఎత్తు అందరి కంటా పడుతుంది గానీ, ఒక అలకూ మరో అలకూ మధ్య వ్యవధి ఎంతన్నది గొట్టానికి అంతే ముఖ్యం.

మూడు బలాలు

నేలపై ఆనుకొని ఉన్న గొట్టంపై నీరు మూడు విధాలుగా పనిచేస్తుంది. ప్రవహించే నీరు గొట్టాన్ని తనతోపాటు నెట్టుకుపోవడానికి ప్రయత్నించడం ఈడ్పు బలం. నీటి వేగం క్షణక్షణం మారడం వలన, అంటే త్వరణం వలన పుట్టేది జడత్వ బలం. గొట్టం పైనుంచి పోయే నీటి వేగం హెచ్చినందున అక్కడ పీడనం తగ్గి గొట్టం పైకి లేవజూడడం ఉత్థాపక బలం. మొదటి రెండింటినీ కలిపి లెక్కించే సూత్రాన్ని 1950లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మారిసన్, ఓబ్రియన్, జాన్సన్, షాఫ్ ప్రచురించారు. అది మారిసన్ సమీకరణంగా ప్రసిద్ధి పొందినది. గమనించవలసిన విషయమేమంటే, ఆ నలుగురూ పరిశీలించినది నీటిలో నిలువుగా పాతిన స్తంభాలను. నేలపై అడ్డంగా పడి ఉన్న గొట్టానికి ఆ సూత్రాన్ని అన్వయించినపుడు ఉత్థాపక బలాన్ని విడిగా చేర్చవలసి వచ్చినది. ఆ అన్వయంలో ఉన్న ఇబ్బందులు తర్వాతి దశాబ్దాల పరిశోధనలకు ప్రేరణ అయినవి.

ఈడ్పు, ఉత్థాపక బలాలు వేగపు వర్గాన్ని అనుసరిస్తాయి. అలల వలన కలిగే వేగం సెకనుకు 1.5 మీటర్లు ఉన్నచోట, అదే దిశలో సెకనుకు అర మీటరు వేగంతో స్థిరమైన ప్రవాహం కూడా తోడైతే మొత్తం వేగం మూడింట ఒక వంతు పెరుగుతుంది. బలం మాత్రం 78 శాతం పెరుగుతుంది. అందువలన అలలను, ప్రవాహాన్ని వేర్వేరుగా లెక్కించి చివరలో కూడడం సరికాదు. ముందుగా వేగాలను కలిపి, ఆ తర్వాతనే బలాన్ని గణించాలి.

కోస్తాంధ్ర తీరం వెంబడి సాగే ప్రవాహం రుతువులను బట్టి దిశ మార్చుకోవడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ప్రధానంగా ఉత్తరంగా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణంగా ప్రవహిస్తుంది. దివిసీమను ముంచెత్తిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, కోనసీమను అతలాకుతలం చేసిన 1996 నవంబరు 6 నాటి తుపాను, విశాఖపట్నాన్ని తాకిన 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్, బాపట్ల సమీపంలో తీరం దాటిన 2023 డిసెంబరు 5 నాటి మిచౌంగ్ – ఇవన్నీ ఆ దక్షిణ ప్రవాహపు నెలలలో వచ్చినవే. కనుక ఈ తీరంలో తుపాను అలల లెక్కకు ఆ కాలపు ప్రవాహాన్ని జోడించడం తప్పనిసరి.

బరువు పెంచితే సరిపోతుందా?

24 అంగుళాల, అనగా 610 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 19 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు గొట్టాన్ని ఉదాహరణగా తీసుకుందాము. మీటరు పొడవు గల గొట్టం బరువు సుమారు 277 కిలోలు. అది తొలగించే సముద్రజలం బరువు సుమారు 300 కిలోలు. అనగా లోపల వాయువు మాత్రమే ఉన్న ఆ ఉక్కు గొట్టం మునగదు, తేలుతుంది. దానిని అడుగున నిలపడానికి చుట్టూ కాంక్రీటు తొడుగు వేయడం పరిపాటి.

పైన చెప్పిన 20 మీటర్ల లోతున, 6 మీటర్ల అలతోపాటు అర మీటరు ప్రవాహం కూడా గొట్టాన్ని అడ్డంగా తాకుతున్నదని అనుకుందాము. ఈడ్పుకు 0.7, ఉత్థాపనకు 0.9, జడత్వానికి 3.29 అనే గుణకాలు, ఇసుక నేలకు 0.6 ఒరిపిడి గుణకం వాడితే, 610 మిల్లీమీటర్ల గొట్టం జారకుండా ఉండడానికి నీటిలో మీటరుకు సుమారు 300 కిలోల బరువు కావాలి. 5 సెంటీమీటర్ల కాంక్రీటు తొడుగు వేస్తే నీటిలో బరువు సుమారు 186 కిలోలకు చేరుతుంది. అది చాలదు. 10 సెంటీమీటర్లు వేస్తే 427 కిలోలు అవుతుంది. ఇక నిశ్చింతే అనుకోవడానికి వీలు లేదు. తొడుగుతో గొట్టం వ్యాసం 810 మిల్లీమీటర్లకు పెరిగినది గనుక నీటికి తగిలే మేనూ పెరిగి, కావలసిన బరువు ఇప్పుడు 433 కిలోలైనది! ఈ పరుగుపందెంలో బరువు తాకిడిని దాటిపోతుంది గానీ మందకొడిగా. తొడుగు పెంచిన ప్రతిసారీ కాంక్రీటు ఖర్చు, గొట్టాన్ని పట్టి దించే నౌకపై భారం, దించేటపుడు ఉక్కుపై పడే వంపు ఒత్తిడి కూడా పెరుగుతవి. తాకిడిని తక్కువగా అంచనా వేయడం ఎంత ప్రమాదమో, భయంతో మితిమీరి అంచనా వేయడం అంత నష్టదాయకం.

ఇదే లెక్కలో మరో విశేషం కూడా తెలుస్తుంది. గొట్టానికి అత్యంత ప్రమాదకరమైన క్షణం నీటి వేగం గరిష్ఠంగా ఉన్న క్షణం కాదు. వేగం గరిష్ఠమైనపుడు త్వరణం శూన్యం. కనుక వేగం ఇంకా బాగా హెచ్చుగా ఉండి, త్వరణం కూడా తోడయ్యే క్షణమే నిర్ణాయకం. పై ఉదాహరణలలో అది గరిష్ఠ వేగానికి ఒక సెకనులోపు తేడాతోనే వస్తుంది. అందువలన డిజైన్ ఇంజనీర్లు ఒక అల పూర్తి ఆవర్తనాన్ని చిన్న చిన్న అంచెలుగా విభజించి ప్రతి అంచెలోనూ స్థిరత్వాన్ని పరీక్షిస్తారు.

తన జాడలోకి తానే

గుణకాలు అంటూ పైన వాడిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చినవి? అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. అవి ప్రకృతి స్థిరాంకాలు కావు. ప్రయోగశాలలలో, సముద్రంలో కొలిచి తేల్చిన విలువలు. 1958లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కు చెందిన క్యూలిగన్, కార్పెంటర్ ఈ గుణకాలు ఒక నిష్పత్తిని బట్టి మారుతున్నవని చూపించారు. నీరు ఒక ఊపులో ప్రయాణించే దూరం గొట్టం వ్యాసానికి ఎన్ని రెట్లు అన్నదే స్థూలంగా ఆ నిష్పత్తి అర్థం. పై ఉదాహరణలో అడుగున నీరు ఒక కొస నుంచి మరో కొసకు దాదాపు 5 మీటర్లు ఊగుతుంది. అది గొట్టం వ్యాసానికి 8 రెట్లు.

నీరు గొట్టాన్ని దాటిపోయినపుడు దాని వెనుక సుడులతో కూడిన కల్లోల జాడ మిగులుతుంది. కాలువలో గుంజ వెనుక కనిపించే సుడుల వంటిదే ఇది. కాలువలోనైతే ఆ జాడ దిగువకు కొట్టుకుపోతుంది, గుంజకు మళ్లీ తగలదు. సముద్రం అడుగున అలా కాదు. అల తిరుగుముఖం పట్టగానే ఆ జాడ మొత్తం వెనక్కి వచ్చి గొట్టంపైనే పడుతుంది. ఆ జాడలోని నీరు అప్పటికే కొంత కదలికలో ఉన్నందున, గొట్టానికి తగిలే వాస్తవ వేగం తరంగ సిద్ధాంతం చెప్పిన వేగం కంటె భిన్నంగా ఉంటుంది. తిరుగుముఖం తర్వాత తొలి ఘడియలలో అది హెచ్చు. స్థిర గుణకాలతో చేసిన సాధారణ మారిసన్ లెక్క బలాల పరిమాణాన్ని, అవి పతాకస్థాయికి చేరే సమయాన్ని కూడా సరిగా పట్టుకోలేకపోవడానికి కారణం ఇదే. ఉత్థాపక బలం విషయంలో ఈ తేడా మరింత స్పష్టం.

1987లో లాంబ్రాకోస్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ‘వేక్ మోడల్’ ఈ జాడను లెక్కలోకి తీసుకున్నది. గొట్టాన్ని తాకే వేగాన్ని అంతకుముందరి ఊపు మిగిల్చిన జాడను బట్టి సవరించి, గుణకాలను కూడా కాలంతోపాటు మారనివ్వడం దాని ప్రత్యేకత. 1999లో సోడిగ్డో, లాంబ్రాకోస్, ఎడ్జ్ దీనిని మెరుగుపరచి ‘వేక్-2’గా ప్రచురించారు. గొట్టంపై ఈ క్షణపు బలం ఈ క్షణపు నీటిపై మాత్రమే కాక, గడచిన ఊపుపై కూడా ఆధారపడి ఉంటుందన్న అవగాహన ఈ నమూనాల సారం. నార్వేలోని డీఎన్‌వీ సంస్థ 1988లో వెలువరించిన స్థిరత్వ మార్గదర్శకాలు, వాటి స్థానంలో 2007లో వచ్చిన ఎఫ్-109 మార్గదర్శకాలు ఈ పరిశోధనల నేపథ్యంలోనే రూపుదిద్దుకున్నవి. గొట్టం రవ్వంతైనా కదలరాదన్న కఠిన నియమంతోపాటు, పరిమితికి లోబడి కొద్దిగా జరగడాన్ని అనుమతించే పద్ధతులు కూడా వాటిలో ఉన్నవి. కొద్దిగా జరిగే గొట్టం ఇసుకలో కూరుకొని మరింత స్థిరపడుతుందన్న పరిశీలన ఇందుకు ఆధారం.

నేల నిలకడ

నీటి లెక్క ఎంత పకడ్బందీగా ఉన్నా, నేల మారిపోతే అది నిలువదు. గొట్టం కింది ఇసుకను ప్రవాహం తొలిచివేస్తే అక్కడక్కడ గొట్టం ఆనిక లేకుండా వంతెనవలె వేలాడుతుంది. ఆనిక పోగానే ఉత్థాపక బలం బాగా తగ్గుతుంది గానీ, కొత్త ప్రమాదం మొదలవుతుంది. 0.6 మీటర్ల వ్యాసం గల గొట్టాన్ని సెకనుకు 0.6 మీటర్ల వేగంతో నీరు దాటుతుంటే దాని వెనుక సుమారు ప్రతి 5 సెకన్లకు ఒక జత సుడులు విడివడతవి. వేలాడే భాగపు సహజ కంపన కాలం దీనికి దగ్గరగా వస్తే గొట్టం ఊగడం ప్రారంభిస్తుంది. వేలాడే పొడవు రెట్టింపయితే కంపన వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కనుక చిన్నగా ఉన్నపుడు నిరపాయమైన ఖాళీ పెద్దదవుతూ అపాయకరం కాగలదు. అటువంటి ఊగులాట గొట్టాన్ని ఒక్క రోజులో విరచదు. లక్షల ఊపుల తర్వాత అతుకుల వద్ద లోహం అలసి పగులుతుంది.

డెల్టాల ముందు పరచిన గొట్టాలకు మరో గండం బురద. నది తెచ్చిన మెత్తని ఒండ్రుపై తుపాను అలల పీడనం హెచ్చుతూ తగ్గుతూ పడుతుంటే నేల పట్టు సడలుతుంది. అప్పుడు బరువైన గొట్టం కుంగవచ్చు, తేలికైనది పైకి రావచ్చు. వాలు ఉన్నచోట ఆ బురద మొత్తంగా జారిపోవచ్చు. 2004 సెప్టెంబరులో ఐవాన్ హరికేన్ సమయంలో మిసిసిపి డెల్టా ఎదుట సముద్రంలో ఇదే జరిగినది. అక్కడ బురద జారి గొట్టాలను లాక్కుపోవడమే కాక, ఒక చమురు వేదికను కూడా కూల్చివేసినది. మరుసటి సంవత్సరం వచ్చిన కత్రినా, రీటా హరికేన్ల వలన దెబ్బతిన్న పైపులైన్ల సంఖ్య 457 అని అమెరికా ఖనిజ నిర్వహణ విభాగం తేల్చినది. గోదావరి ఒండ్రుపై పరచిన గొట్టాలకు ఈ అనుభవం నేరుగా వర్తించే పాఠం.

ఒడ్డుకు చివరి మెట్టు మరీ క్లిష్టం. తీరాన్ని సమీపించేకొద్దీ అలలు ఒడ్డుకు సమాంతరంగా మళ్లుతవి. ఒడ్డుకు నిలువుగా వచ్చే గొట్టం పొడవునా అవి సాగుతవి గనుక అడ్డంగా తగిలే బలం కొంత తగ్గుతుంది. ఇది ఉపశమనమే. కానీ విరిగిన అలలు తీరం వెంబడి పుట్టించే ప్రవాహం గొట్టాన్ని సరిగ్గా అడ్డంగానే తాకుతుంది, ఇసుకను కూడా తరలిస్తుంది. అల విరిగే చోట ఎయిరీ సిద్ధాంతం పనిచేయదు. అందుచేత ఈ భాగంలో లెక్కలపై ఆధారపడడం కంటె గొట్టాన్ని నేలలోపల పూడ్చివేయడమే శ్రేయస్కరంగా భావించబడుతున్నది. ఎంత లోతున పూడ్చాలన్నది తిరిగి తీరపు చరిత్రపై ఆధారపడి ఉంటుంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ వద్ద తీరం ఎలా కోతకు గురైనదో ఈ ప్రాంత ప్రజలకు విదితమే.

వందేళ్ల అల

ఇన్ని లెక్కలకూ మొదట కావలసినది అల వివరాలు. సముద్ర స్థితి సూచనలలో చెప్పే అల ఎత్తు సాధారణంగా ‘ప్రముఖ తరంగ ఎత్తు’, అనగా పెద్ద అలలలో మూడో వంతు అలల సగటు. 10 సెకన్లకొక అల చొప్పున 3 గంటలలో దాదాపు 1,080 అలలు వస్తే, వాటిలో అతి పెద్దది ఆ సంఖ్యకు సుమారు 1.9 రెట్లు ఉండే అవకాశం ఉన్నది. సూచనలో 4 మీటర్లు అన్నపుడు ఏడున్నర మీటర్ల అల కూడా రావచ్చునన్నమాట. పైపులైను ఇంజనీర్లకే కాదు, వేటకు వెళ్లే మత్స్యకారులకు కూడా ఇది తెలియవలసిన విషయం.

ఉత్పత్తి దశలో ఉన్న గొట్టాలకు వందేళ్లకొకసారి వచ్చే స్థాయి తుపానును ప్రమాణంగా తీసుకోవడం ఆనవాయితీ. ‘వందేళ్ల అల’ అంటే వందేళ్ల వరకు రాదని కాదు. ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం 1 శాతం అని అర్థం. 25 ఏళ్లు పనిచేసే గొట్టం తన జీవితకాలంలో దానిని ఎదుర్కొనే అవకాశం 22 శాతం. అంతటి అలను నేరుగా కొలిచిన సందర్భాలు అరుదు. అందువలన గత తుపానుల గాలి, పీడన వివరాలను కంప్యూటర్ నమూనాలకు అందించి అప్పటి అలలను తిరిగి గణించి, ఆ ఫలితాలను బోయాలు నమోదు చేసిన కొలతలతో సరిచూస్తారు. 1999లో హైదరాబాదులో ఏర్పాటైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) తీరం వెంబడి అలలను కొలిచే బోయాలను నిర్వహిస్తూ సముద్ర స్థితి సూచనలు వెలువరిస్తున్నది. ఇటువంటి కొలతలు ఏళ్ల తరబడి పోగుపడినకొద్దీ వందేళ్ల అల అంచనాలోని సందిగ్ధత తగ్గుతుంది.

గొట్టం పరచిన తర్వాత కూడా పని ముగియదు. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సముద్ర చమురు కార్యకలాపాల భద్రతా నియమాలు పర్యవేక్షణ బాధ్యతను చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్‌కు అప్పగించినవి. పెద్ద తుపాను తర్వాత ధ్వని తరంగాలతో నేలను చిత్రించే పరికరాలు, నీటి అడుగున నడిచే యంత్రాల సాయంతో గొట్టం ఎక్కడ బయటపడినది, ఎక్కడ వేలాడుతున్నది, ఎంత పక్కకు జరిగినదన్నది నమోదు చేయవలసి ఉంటుంది. వేలాడే చోట్ల ఇసుక, సిమెంటు బస్తాలు పేర్చి ఆనిక కల్పిస్తారు. బయటపడిన చోట కాంక్రీటు దిమ్మెల చాపలు పరుస్తారు, లేదా రాళ్లు పోస్తారు. గొట్టం వాస్తవంగా జరిగిన దూరాన్ని, లెక్క ప్రకారం జరగవలసిన దూరంతో పోల్చి, తదుపరి తుపాను కాలానికి ముందే గుణకాలను సవరిస్తారు.